పలకని మోటారు

హాల్వర్ దీవి
1974 మే 4

సైమా,

క్షేమంగా చేరాను. ఏప్రిల్ ముప్పైన చేపలవాళ్ళ పెద్ద పడవ ఎక్కి వచ్చాను. ఇల్లు నిలబడే ఉంది. ఎలుకలు మాత్రం నా ఓట్స్ పిండి మొత్తం తినేసి, అట్టడబ్బాకు మర్యాదగా మూత పెట్టి వదిలాయి. చలికాలమంతా నన్ను ఇంట్లో కూర్చోబెట్టి తిండి పెట్టావు కాబట్టి నాలుగు మంచి మాటలు రాద్దామని కాగితం తీశాను. కానీ కడుపులో ఉన్న మంట ముందు కక్కితే గాని చెయ్యి కదిలేలా లేదు. పడవ మోటారు పలకడం లేదు.

మూడు రోజులుగా తాడు లాగుతున్నాను. ఒక్క దగ్గు లేదు, ఒక్క తుమ్ము లేదు. పోయిన అక్టోబరులో దాన్ని నా చేతులతో నేనే నిద్రపుచ్చాను, అచ్చం నాన్న చేసినట్టే. పెట్రోలు చివరి చుక్క దాకా కాల్చాను. ట్యాంకు వంచి ఆరబెట్టాను. ప్లగ్గులు విప్పి లోపల నూనె పోశాను. నిలువుగా బల్లకు తగిలించి, టార్పాలిన్ కప్పి, తాడుతో కట్టాను. ఆ తర్వాతే కదా నవంబరు ఆరున హెర్నియా ఆపరేషనుకు సాండ్ హార్బర్ వెళ్ళింది, అక్కడి నుంచి నీ ఇంటికి వచ్చింది. అంటే ఆరు నెలలు నేను దీవి మీద లేను. ఈ మాట గుర్తుపెట్టుకో.

ఈ ఏడు టపా పడవ పని ఎవరిదో తేల్చడానికి జూన్ ఒకటిన రేవు సంఘం కూర్చుంటుంది. ఇరవై రెండేళ్ళుగా టపానూ మనుషులనూ ఈ తొమ్మిది మైళ్ళ సరస్సు దాటించే పని నాదే. పోయినేడు ఆర్నె లిండ్‌క్విస్టు పోటీకి దిగి ఒక్క ఓటుతో ఓడిపోయాడు. అప్పటి నుంచి మా ఇద్దరికీ మాటల్లేవు. ఇప్పుడు నా మోటారు మూగది కాబట్టి, తాత్కాలికంగా టపా తెస్తున్నది ఆ స్వీడన్ మొహమే. జూన్ ఒకటికి నా పడవ కదలకపోతే ఆ తాత్కాలికం కాస్తా శాశ్వతం అవుతుంది. అరవై మూడేళ్ళవాడికి ఈ దీవిలో ఇంకేం పని ఉంది? పని లేకుండా ఇక్కడ ఎన్నాళ్ళు ఉండగలను?

ఇంకొక మాట. నేను ఎడమచేతివాణ్ణి. నా ముడులన్నీ ఎడమకు తిరుగుతాయి. టార్పాలిన్ మీద ఇప్పుడున్న ముడి కుడికి తిరిగింది.

మన దీవిలో పడవ షెడ్లకు తాళాలు ఉండవు. ఆపద వచ్చినవాడు ఎవడి పడవైనా తీసుకోవచ్చు. తిరిగి తెచ్చి పెట్టేటప్పుడు బర్చ్ చెక్క పేడు మీద పేరూ కారణమూ రాసి తలుపు వెనక మేకుకు తగిలించాలి. మేకు మీద ఏ పేడూ లేదు. రెండుసార్లు చూశాను. చలికాలంలో ఇక్కడ ఉండిపోయిన మగవాడు ఎవడో నీకు నేను చెప్పనక్కర్లేదు.

మీ అన్న
తౌనో

*

మిల్ క్రీక్
మే 9

అన్నయ్యా,

మూడు రోజులు తాడు లాగావా? రెండుసార్లు కోసిన పొట్టతో? డాక్టరు నీకేం చెప్పాడో నేను పక్కనే ఉండి విన్నాను. ఆ తాడు నీ పొట్టలోంచి బయటికి రావాలని ఉందా ఏమిటి?

పొరుగువాణ్ణి అనుమానించే ముందు ప్లగ్గును అనుమానించాలి. మోటారుకు కావలసినవి మూడే: నిప్పు, తిండి, ఊపిరి. నాన్న ఈ మాట ఇద్దరికీ ఒకేసారి చెప్పాడు గాని ఒకరి చెవికే ఎక్కినట్టుంది. ప్లగ్గు విప్పు, తీగ తగిలించే ఉంచి దాని ఒంటిని ఇంజిను లోహానికి ఆనించి తాడు నెమ్మదిగా లాగు. నిప్పురవ్వ వస్తే సరిపోదు, దాని రంగు చూడు. నీలంగా ఉంటే మంచిది. పసుపుగా ఉంటే అది రవ్వ కాదు, రవ్వ దయ్యం. పెట్రోలు కొత్తది తెప్పించు. పాతది వాసన చూస్తేనే తెలుస్తుంది, పాత వార్నిష్‌లా కొడుతుంది. ప్లగ్గు కన్నంలో అర చెంచాడు కొత్త పెట్రోలు పోసి లాగితే ఒక్కసారన్నా దగ్గాలి. దగ్గితే రోగం తిండి దారిలో ఉన్నట్టు. దగ్గకపోతే నిప్పు దారిలో.

ముడి సంగతి వదిలెయ్. మత్తుమందు నుంచి తేరుకున్నాక నీ ఇంటి చిరునామా నువ్వే తప్పు చెప్పావట. అక్టోబరులో కట్టిన ముడి ఎటు తిరిగిందో ఎలా గుర్తుంటుంది? గాలికి ఊడిపోతే ఎవరైనా దారినపోయేవాడు మళ్ళీ కట్టి ఉండొచ్చు. అది మంచితనం కూడా కావచ్చు కదా.

బడి వంటగదిలో రోజుకు నూట ఎనభై మంది పిల్లలకు వండుతున్నాను. చేతులు నొప్పి. యాలకుల రొట్టె రెండు పంపుతున్నాను, ఒకటి చాలు అనిపిస్తే రెండోది ఎవరికైనా ఇవ్వు.

నీ చెల్లెలు
సైమా

*

హాల్వర్ దీవి
మే 14

సైమా,

ఈ కవరు మూతి మీద దేవదారు జిగురు చూసి భయపడకు. ఉత్తరం ఆర్నె పడవలోనే రావాలి, ఖర్మ. నీ ఉత్తరం నా చేతికి ఇచ్చేటప్పుడు వాడు దాన్ని ఒక్క క్షణం ఎక్కువ పట్టుకున్నాడు. ఆవిరి పట్టి విప్పే రకం అని నా అనుమానం. అందుకే జిగురు. అది చెక్కుచెదరకుండా చేరిందో లేదో రాయి.

రొట్టెలు రెండూ నేనే తిన్నాను.

నువ్వు చెప్పినవన్నీ చేశాను. రవ్వ పసుపు రంగులోనే వచ్చింది. కొత్త పెట్రోలు తెప్పించాను. కన్నంలో పోసి లాగితే ఒక్కసారి దగ్గింది, నీలం పొగ ఒక బుడగ వదిలింది, అంతే, మళ్ళీ చచ్చింది. అసలు సంగతి అది కాదు. ప్లగ్గు విప్పితే దాని మొన మీద నీటి బొట్టు ఉంది. నీటి బొట్టు, సైమా! నేను నూనె పోసిన చోట నీళ్ళు! ట్యాంకు కుదిపితే అడుగున కప్పుడు పెట్రోలు గలగలమంది. ఆరబెట్టిన ట్యాంకులోకి పెట్రోలు ఆకాశం నుంచి పడిందా? నేను నిద్రపుచ్చాక ఎవడో దాన్ని లేపాడు. నడిపాడు. తడిపాడు. తుడవకుండా తెచ్చి తగిలించాడు. పేడు పెట్టలేదు. పోటీదారుడి మోటారు వసంతంలో పలకకుండా చేయడానికి ఇంతకంటే తేలిక ఉపాయం ఉందా?

నిన్న రేవులో మొహం మీదే అడిగాను.

"నేను లేనప్పుడు నా మోటారు తీశావా?"

వాడు టపా సంచి దించి, టోపీ సర్దుకుని, నీళ్ళకేసి చూశాడు. "నీ ఒంట్లో ఎలా ఉంది తౌనో? కుట్లు నొప్పెడుతున్నాయా?" అన్నాడు.

"నా కుట్లతో నీకేం పని? అడిగిందానికి చెప్పు."

"తాడు గట్టిగా లాగకు. నొప్పెడుతుంది," అనేసి సంచి భుజాన వేసుకుని పోయాడు.

చూశావా! తప్పు చేయనివాడైతే 'నేను తీయలేదు' అంటాడు. రెండు మాటలు. అవి కూడా వాడి నోట్లోంచి రాలేదు.

చేపలవాళ్ళకు చెప్పి తాళం తెప్పించాను. ఈ పొద్దున్నే షెడ్డుకు వేశాను. ఈ దీవిలో మొదటి తాళం నాదే. దాన్ని చూసి నాకే కాస్త సిగ్గేసింది, కానీ తీయను.

తౌనో

*

మిల్ క్రీక్
మే 18

అన్నయ్యా,

జిగురు చెక్కుచెదరలేదు. దాన్ని గీకడానికి నాకు అరగంట పట్టింది, వేలు తెగింది.

తాళం తీసెయ్. ఈ ఉత్తరం చదివిన వెంటనే తీసెయ్. నాన్న కట్టిన షెడ్డు అది. పెద్ద తుపాను రోజున ఆ షెడ్డులోంచి పడవ తీసుకుపోయి ముక్కూమొహం తెలియని వాళ్ళు ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ తలుపుకు తాళం చూస్తే జనం ఏమనుకుంటారు?

పసుపు రవ్వ అంటే నిప్పు దారిలోనూ చెమ్మ చేరింది. తల మీద ఉన్న పెద్ద చక్రాన్ని ఊడదీయాలి. దాని కింద రెండు చిన్న లోహపు మొనలు ఒకదాన్నొకటి ముద్దుపెట్టుకున్నట్టు ఉంటాయి. తెల్లగా బూజు పట్టి ఉంటే సన్నటి గరుకు కాగితంతో రుద్దు. అంతకుముందు ఊపిరి పరీక్ష: ప్లగ్గు కన్నం మీద బొటనవేలు అదిమి పట్టి తాడు లాగు. వేలిని గట్టిగా నెట్టేస్తే లోపలి గుండె బతికే ఉంది. నెట్టకపోతే ఇక ఏమీ రాయను. తర్వాత కార్బొరేటరు విప్పు.

ఆర్నెతో నలుగురిలో మాట్లాడకు. అతను అలాంటివాడు కాదు. నవంబరు చివర్లో సరస్సు మీద పొగమంచు ఎంత ఉంటుందో నీకు తెలుసు, షెడ్డులో తగిలించిన మోటారుకు చెమ్మ దానంతటదే పట్టి ఉండొచ్చు. కప్పుడు పెట్రోలు నువ్వే మరిచిపోయి ఉంటావు. ఆపరేషను దిగులులో ఉన్నావు అప్పుడు.

నువ్వు అడిగినప్పుడు రేవులో ఇంకెవరున్నారు? సంఘం అధ్యక్షురాలు మిసెస్ డ్రిస్కల్ గారు ఉన్నారా? విన్నారా? తప్పకుండా రాయి.

సైమా

*

హాల్వర్ దీవి
మే 23

సైమా,

ముందు నా గెలుపు సంగతి విను. మంగళవారం పడవ వచ్చినప్పుడు రేవులో పదిమంది ఉన్నారు. మిసెస్ డ్రిస్కల్ ఉంది. నా తాళం సంగతి అప్పటికే దీవంతా పాకింది. ఆవిడ నన్ను నిలదీసింది.

"ఏంటయ్యా తౌనో, ఎవరి మీద ఈ తాళం?"

"పేడు పెట్టని దొంగ మీద," అన్నాను.

"ఎవరా దొంగ? పేరు చెప్పు మరి. ఊరికే అందరి మీదా బురద జల్లుతావా?"

నేను నోరు తెరిచేలోపే వెనక నుంచి ఆర్నె, "నేనే," అన్నాడు. "నవంబర్లో అతని మోటారు తీసింది నేనే. పేడు పెట్టలేదు. తప్పే."

"ఏం ఆపదొచ్చింది నీకు?" అని ఆవిడ అడిగింది.

"అది చెప్పను," అన్నాడు.

ఇక చూడు, జనం రెండడుగులు వెనక్కి వేశారు. ఒకటో తారీకున వాడికి ఒక్క ఓటు కూడా పడదు. ఇంటికి వచ్చి కాఫీ పెట్టుకుని గెలిచినవాడిలా కూర్చున్నాను. తాగితే రుచి లేదు. ఎనిమిది రోజులు దాచినవాడు తొమ్మిదోరోజు పదిమందిలో ఎందుకు ఒప్పుకున్నట్టు? కారణం చెబితే సగం తప్పు పోతుంది కదా, అదెందుకు చెప్పనట్టు? నా అనుమానం నిన్నటిదాకా ఒంటి కాలి మీద నడిచేది, ఇప్పుడు నాలుగు కాళ్ళ మీద పరిగెడుతోంది.

ఊపిరి బాగుంది, వేలు ఊడిపోయేటంత నెట్టింది. నిన్న కార్బొరేటరు విప్పాను. లోపలంతా తెల్లటి తుప్పు పొక్కులు. దాని గొంతులో ఏమి ఇరుక్కుని ఉందో తెలుసా? ఒక ఆకు. బర్చ్ ఆకు. ఎండి ముడుచుకుంది గాని ఇంకా పచ్చగానే ఉంది.

నవంబరులో పచ్చటి బర్చ్ ఆకు ఏ చెట్టు మీద ఉంటుంది సైమా? ఏ చెట్టు మీదా ఉండదు. నడివేసవిలో కోసి, కట్టలు కట్టి, ఆవిరి స్నానంలో ఒళ్ళు బాదుకోవడానికి నీడన ఆరబెట్టుకుంటామే, ఆ కట్టల్లో ఉంటుంది. వెంటనే సౌనా గదికి పోయి చూశాను. పన్నెండు కట్టలు వేలాడదీసి వెళ్ళాను. పదకొండు ఉన్నాయి. పొయ్యిలో బూడిద నేను తీసి శుభ్రం చేసి వెళ్ళాను. ఇప్పుడు గుప్పెడు బూడిద ఉంది.

ఎవరో నా సౌనా వెలిగించారు. నా మోటారును అందులో పెట్టారు. ఆర్నె స్వీడన్‌వాడు. ముప్పై ఏళ్ళుగా మన ఫిన్‌లాండు వాళ్ళను చూసి, 'ఒంటిని ఉడకబెట్టుకుని చీపురుతో కొట్టుకుంటారు' అని వెక్కిరించినవాడు. తడిసిన మోటారును స్నానాల గదిలో పెట్టి ఆరబెట్టాలన్న ఆలోచన వాడి తలకు వంద జన్మలెత్తినా రాదు. అది ఫిన్‌లాండు బుర్రకే వస్తుంది. అందులోనూ మోటారు తెలిసిన బుర్రకు. నాకు తెలిసి ఈ సరస్సు చుట్టూ అలాంటి బుర్రలు రెండే ఉన్నాయి. ఒకటి అప్పుడు ఆసుపత్రి మంచం మీద ఉంది.

నువ్వు రాసిన రెండు ఉత్తరాలూ మళ్ళీ తీసి చదివాను. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? ముడి వదిలెయ్ అన్నావు, తాళం తీసెయ్ అన్నావు, పెట్రోలు నువ్వే మరిచిపోయావన్నావు. ఆసుపత్రికి వస్తానని చెప్పి, జలుబు చేసిందని కబురు పెట్టి, నవంబరు పద్నాలుగున గాని రాలేదు. వచ్చినప్పుడు నీకు జలుబూ లేదు, దగ్గూ లేదు.

ఒక్కటే ప్రశ్న. నవంబరు ఆరు నుంచి పద్నాలుగు దాకా ఎక్కడున్నావు?

జిగురు పెట్టలేదు. ఆర్నె చదువుకోనీ.

తౌనో

*

మిల్ క్రీక్
మే 27

అన్నయ్యా,

హాల్వర్ దీవిలో ఉన్నాను. ఆర్నె ఇంట్లో.

కూర్చుని చదువు. నిలబడి చదివితే సగంలో చించేస్తావు.

ఆర్నె చేపలు అమ్ముకోవడానికి మిల్ క్రీక్ వస్తుంటాడని నీకు తెలుసు. బడి వంటగదికి కూడా తెచ్చేవాడు. అలా రెండేళ్ళయింది. అతని భార్య పోయి తొమ్మిదేళ్ళు, మా ఆయన పోయి ఏడేళ్ళు. నీకు చెబుదామనుకునేలోగా పోయినేడు ఆ పాడు ఎన్నిక వచ్చింది. ఆ తర్వాత నీ ముందు అతని పేరెత్తడానికే భయం వేసింది. చలికాలమంతా నువ్వు నా ఇంట్లో ఉన్నావు, అతని ఉత్తరాలు నీ కంట పడకూడదని పోస్టుమాన్ కంటే ముందే రోజూ గుమ్మంలో నిలబడ్డాను. మంచులో గుమ్మం ఊడుస్తున్నానని నన్ను మెచ్చుకున్నావు కూడా.

నువ్వు ఆపరేషనుకు వెళ్ళిన మర్నాడు అతను నన్ను దీవికి తీసుకొచ్చాడు. ఆ ఇంట్లో నేను ఉండగలనా లేదా అని చూసుకోవడానికి వచ్చాను. నీ ఆపరేషను బాగా జరిగిందని ఆర్నె ఇంట్లోని వైర్‌లెస్ రేడియోలో తెలిసింది. పదో తారీకున చేపలవాళ్ళ పడవలో తిరిగి వచ్చి నిన్ను చూడాలని నా లెక్క. తొమ్మిదో తారీకు మధ్యాహ్నం సాండ్ హార్బర్ నుంచి రేడియోలో ఇంకో కబురు వచ్చింది. తౌనో కంగస్‌కు లోపల రక్తం పోతోంది, మళ్ళీ కోస్తున్నారు, అయినవాళ్ళు ఎవరైనా ఉంటే వెంటనే రావాలి అని.

ఆర్నె తన ఇంజినును అప్పటికే చలికాలానికి విప్పేశాడు. దాని తలకాయ వంటగది బల్ల మీద ఉంది. నీ షెడ్డుకు తాళం లేదు.

మోటారు నేనే నడిపాను, అన్నయ్యా. ఆర్నె నీళ్ళు తోడాడు. మంచు పడుతోంది, ముక్కు ముందున్నది కనిపించడం లేదు. వెనక నుంచి రెండుసార్లు అల ఎక్కి మోటారు మునిగి ఆగిపోయింది, రెండుసార్లూ నేనే లేపాను. తొమ్మిది మైళ్ళకు మూడు గంటలు పట్టింది. ఆ మోటారు తీసింది నీ దగ్గరికి రావడానికే.

రెండు రోజులు నీ మంచం పక్కన కూర్చున్నాను. నీకు స్పృహ లేదు. పదకొండున గండం గడిచింది, సాయంత్రానికి కళ్ళు తెరుస్తాడని డాక్టరు అన్నాడు. అప్పుడు లేచి వచ్చేశాను. కళ్ళు తెరిస్తే నువ్వు అడిగే మొదటి మాట 'ఎలా ఉన్నావు' కాదు, 'ఎలా వచ్చావు' అనే. నీ సంగతి నాకు తెలియదా? ఊళ్ళో ఒక అద్దె గదిలో మూడు రోజులు ఉండి, జలుబని కబురు పెట్టి, పద్నాలుగున బస్సు దిగినదానిలా వచ్చాను.

ఆర్నె పదోతారీకునే ఒక్కడూ తిరిగి వెళ్ళాడు. తడిసిన మోటారు గడ్డకట్టి పగలకుండా ఏం చేయాలని వెళ్ళేముందు అడిగాడు. సౌనాలో పెట్టి వేడిచెయ్యి అన్నాను. తడిసిన వల, తడిసిన తాడు, తడిసిన మనిషి, పుట్టిన బిడ్డ, అన్నిటికీ మనకు ఒకే మందు కదా. ప్లగ్గులు విప్పి, కార్బొరేటరు నోరు తెరిచి పెట్టు, ఆరాక నూనె పోసి తగిలించు అని చెప్పాను. పొయ్యి మీద కాలిన రాళ్ళ మీద నీళ్ళు పోసి ఆవిరి లేపకు అని మాత్రం చెప్పలేదు. ఎవరికైనా ఆ మాట చెప్పాలని నాకెలా తోస్తుంది?

నీ ఉత్తరం చూశాక సాండ్ హార్బర్ దుకాణానికి ఫోను చేసి, టపాకు వచ్చిన అతన్ని పిలిపించి అడిగాను. ఆకు ఎక్కడిదయ్యా అన్నాను. ముందు టపాకు ఆలస్యమవుతోందన్నాడు. తర్వాత, "చలికి చచ్చిపోతున్నా సైమా. గది వెచ్చగా ఉంది. ఒక్కసారి చూద్దామనిపించింది," అన్నాడు. నోరు తెరుచుకుని ఉన్న మోటారు పక్కనే బట్టలు విప్పి కూర్చుని, రాళ్ళ మీద చెంబులకొద్దీ నీళ్ళు పోసుకుని, నీ కట్ట తీసుకుని వీపు బాదుకున్నాడట. బాగుందా అని అడిగితే, బాగుందన్నాడు. నీ మోటారు లోపలంతా ఆవిరి పట్టించి, దాని మీదే నూనె పోసి, గడ్డకట్టే చలిలో తగిలించాడు. అదీ రోగం. కాబట్టి నువ్వు తిట్టినది సరైనవాణ్ణే, కానీ తప్పు కారణానికి.

పేడు పెడతానని అతను పట్టుబట్టాడు. నేనే వద్దన్నాను. కారణం రాయాలి కదా. కారణం రాస్తే నేను ఉన్నానని తెలుస్తుంది. రేవులో తప్పు తన మీద వేసుకున్నదీ నా కోసమే, నేను అడగలేదు. ఇప్పుడు ఏం చేస్తావో నీ ఇష్టం. ఊరుకుంటే పని నీదే, అతను నోరు విప్పడు. అది నాకు తెలుసు, అందుకే నిద్ర పట్టడం లేదు.

చక్రం కింది మొనలు రుద్దు. కార్బొరేటరును కిరసనాయిల్లో ఒక రాత్రంతా నానబెట్టు. దాని వెనక సన్నటి ఉక్కు రేకులుంటాయి, అవి తుప్పుకి అతుక్కుని ఉంటాయి, కత్తి మొనతో కాదు, గోటితో విడదీయి. పలుకుతుంది.

సైమా

*

హాల్వర్ దీవి
జూన్ 3

సైమా,

పలికింది. మే ముప్పై ఒకటిన, మూడో లాగుకు. రేకులు గోటితోనే విడదీశాను. కార్బొరేటరు కింద వేసే కొత్త అట్ట కోసం ఓట్స్ పిండి డబ్బా కత్తిరించాను, ఎలుకలు దానికైనా పనికొచ్చాయి. నీలం పొగ షెడ్డంతా నిండింది. పదినిమిషాలు దాన్ని ఆపకుండా అలా వింటూ కూర్చున్నాను. తర్వాత తాళం ఊడబీకి నీళ్ళలో విసిరేశాను.

నీ మీద కోపం పోలేదు. ఆ సంగతి తర్వాత.

మర్నాడు సమావేశం. మిసెస్ డ్రిస్కల్ లేచి, "ఆర్నె ఈ ఏడు పోటీలో లేడు, ఎందుకో అందరికీ తెలుసు. తౌనో మోటారు నడుస్తోంది, నిన్న మేమంతా విన్నాం. ఇంక ఓట్లు దేనికి?" అంది. నేను చేయాల్సింది ఒక్కటే, కుర్చీలో కూర్చోవడం. ఆర్నె చివరి బెంచీ మీద టోపీ ఒళ్ళో పెట్టుకుని నేల చూస్తున్నాడు. నేనతన్ని చూశాను. తొమ్మిది మైళ్ళ మంచులో మూడు గంటలు వంగి నీళ్ళు తోడిన మనిషి. అదీ నా కోసం, నా పడవలో.

లేచాను. మొత్తం చెప్పాను. నీ పేరు కూడా చెప్పాను, ఇంక దాచేది ఏమీ లేదు కాబట్టి. సౌనా దగ్గరికి వచ్చేసరికి గది పగిలిపోయేలా నవ్వారు. ఆర్నె చెవులు ఎర్రబడ్డాయి. ఎవరో, "చీపురుతో కొట్టుకోవడం ఎలా ఉందయ్యా?" అని అరిచారు. అంతా సర్దుకుందనుకున్నాను.

నవ్వులు ఆగాక మిసెస్ డ్రిస్కల్ నన్నే చూస్తూ, "అయితే ఆపదకే తీశారన్నమాట. సరే. మరి నీ షెడ్డుకు తాళం ఎన్నాళ్ళు ఉంది తౌనో?" అంది.

"పద్దెనిమిది రోజులు."

"ఆ పద్దెనిమిది రోజుల్లో ఎవరికైనా ప్రాణం మీదికి వచ్చి నీ షెడ్డు దాకా పరిగెత్తి ఉంటే?"

నేను కుర్చీలో కూర్చున్నాను. ఆర్నె పేరు మళ్ళీ చేర్చి ఓట్లు వేశారు. ఏడు ఆర్నెకు, నాలుగు నాకు. పని పోయింది. ఇరవై రెండేళ్ళ పని. నన్ను ఓడించింది ఆర్నె కాదు. దొంగను పట్టుకోవాలని నేను నెల రోజులు తిరిగాను, చివరికి వాళ్ళు పట్టుకున్నది నన్ను.

బయట ఆర్నె నా వెంట పడ్డాడు. "తౌనో, నేను వద్దని చెప్పేస్తాను. ఈ పని నీదే."

"నోరు మూసుకుని తీసుకో."

"నా ఇంజిను మధ్యలో ఆగిపోతే నాకు బాగు చేసుకోవడం కూడా రాదు."

"అందుకేగా నా చెల్లెల్ని చూసుకున్నావు," అన్నాను. నవ్వాలో వద్దో తెలియక నిలబడిపోయాడు. మనిషి మంచివాడే. మొద్దు.

రేపటి నుంచి ఏం చేస్తానో తెలియదు. రెండు రోజులు తలుపు వేసుకుని కూర్చున్నాను. ఏడ్చాను కూడా, రాస్తే పోయేదేముంది. మోటారు తీసినందుకు నీ మీద కోపం లేదు. దాన్ని ఉడకబెట్టినందుకు లేదు. నాకు తెలియకుండా ఆర్నెను కోరుకున్నందుకు కొంచెం ఉంది, అది ఈ వేసవికి అరిగిపోతుంది. కానీ ఒకటి మాత్రం నాకు మింగుడు పడటం లేదు. ఆ సాయంత్రం కళ్ళు తెరిచినప్పుడు గదిలో ఎవరూ లేరు. గోడ ఉంది, కిటికీ ఉంది, పక్కన ఖాళీ కుర్చీ ఉంది. నాకంటూ ఈ లోకంలో ఎవరూ రారన్నమాట అని ఆ కుర్చీని చూస్తూ చీకటి పడేదాకా పడుకున్నాను. అప్పటికి గంట ముందు దాకా నువ్వు అందులోనే కూర్చుని ఉన్నావు. నీలో అంత భయం పుట్టించానా, సైమా?

పెళ్ళి ఎప్పుడో రాయి. ఆర్నె పడవలోనే రా, టపాతో పాటు. ఈసారి మాత్రం నేను చూస్తుండగా రా.

మీ అన్న
తౌనో